మోరిస్ యంత్రాన్ని కాదన్నాడా? నీలి తొట్టి దగ్గర నిలబడి చూస్తే

మీరు ముఖ్యంగా అడిగినవి రెండు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో చేతిపనిని నిలబెట్టాలని చూసిన ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమం యంత్రాన్ని తిరస్కరించిందని మీ పుస్తకంలో ఉంది. మీ టీచరేమో ఆ ఉద్యమానికి పెద్దదిక్కైన డిజైనర్ విలియం మోరిస్ వేసిన ‘స్ట్రాబెరీ థీఫ్’ బట్టలో మంచి మంచి రసాయనాలే పనిచేశాయంటున్నారు. ఏది నిజమన్నది మొదటి ప్రశ్న. అదే పద్ధతిలో, అంటే నీలి ముంచిన బట్ట మీద అక్కడక్కడా నీలం తీసేసి ఎరుపు ఎక్కించే పద్ధతిలో, మీరు చేసిన నమూనా చెడిపోయింది. ఎరుపు చాక్లెట్ రంగుకు తిరిగింది, తెలుపు వారంలో పసుపుబారింది, పువ్వుల అంచు వెంబడి బట్ట చిరిగింది. ఎందుకన్నది రెండోది. రెండోదాని జవాబులోనే మొదటిదాని జవాబు చాలావరకు ఉంది, కాబట్టి కలిపే చెబుతాను.

ముందుగా పుస్తకం మాట. ‘తిరస్కరించింది’ అన్నది మరీ మొరటు మాట. మోరిస్ కంపెనీ వాల్‌పేపర్లను లండన్‌లోని జెఫ్రీ అండ్ కో అచ్చువేసేది. కంపెనీ అమ్మిన తివాచీల్లో విల్టన్, కిడర్‌మిన్‌స్టర్ రకాలు బయటి మిల్లుల్లో మరమగ్గాల మీద తయారయ్యేవి. 1875లో మోరిస్ లినోలియం లాంటి నేలపరుపుకు కూడా డిజైన్ ఇచ్చాడు. తన కార్ఖానా మెర్టన్ ఆబీలో నేత కోసం జకార్డ్ మగ్గాలు, అంటే చిల్లుల అట్టలతో డిజైన్ నేసే మగ్గాలు, పెట్టించాడు. 1891లో పుస్తకాల కోసం మొదలుపెట్టిన కెల్మ్‌స్కాట్ ప్రెస్ చేతి అచ్చుయంత్రం మీద నడిచిన మాట నిజమే. అయితే దాని అక్షరాల డిజైన్ కోసం 15వ శతాబ్దపు వెనిస్ పుస్తకాల పుటలను ఫోటో తీయించి, పెద్దవి చేయించి, వాటి మీదే కసరత్తు చేశాడు. కెమెరా లేకపోతే ఆ ‘మధ్యయుగపు’ అక్షరాలు లేవు.

మరి దేన్ని కాదన్నాడు? ఇక్కడ తేదీలు పట్టుకోవాలి. 1856లో పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రవాడు తారు నుంచి తీసిన అనిలీన్‌తో ఊదారంగు తయారుచేశాడు. 1859లో ఫ్రాన్సులో మెజెంటా వచ్చింది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఇంగ్లండులో అద్దకం పనివాళ్ల చేతిలో పాత రంగులు మరుగున పడ్డాయి. కొత్త రంగులు చవక, సులువు, కళ్లు చెదిరే కాంతి. కానీ ఆ తొలితరం అనిలీన్ రంగులు ఎండ సోకితే నెలల్లో వెలిసిపోయేవి. పైగా ఒక్కో రంగు ఒక్కో తీరున వెలిసేది. నాలుగు రంగుల పరదాలో రెండు పోయి రెండు మిగిలితే డిజైనే మారిపోతుంది. మోరిస్ పోరాటం ఆవిరి యంత్రంతో కంటే ముందు ఈ రంగుతో.

అతన్ని మరీ ఋషిని చేయకండి. కుటుంబం డబ్బు డెవన్ గ్రేట్ కన్సోల్స్ అనే రాగి గనుల వాటాల నుంచి వచ్చింది. ఆ గని తర్వాత్తర్వాత ఆర్సెనిక్‌కు పేరుమోసింది. 1870లలో కొన్నేళ్లు మోరిస్ ఆ కంపెనీ డైరెక్టరు కూడా. 1860లలో వచ్చిన అతని ‘ట్రెలిస్’ వాల్‌పేపర్ ముక్కను పరీక్షించి, ఆకుపచ్చలో ఆర్సెనిక్ ఉందని 2003లో ప్రచురించారు. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయో లేదో గాని, ఉద్యమాన్ని అర్థం చేసుకోవడానికి చాలా పనికొస్తుంది.

1875లో మోరిస్ స్టాఫర్డ్‌షైర్‌లోని లీక్ పట్టణానికి, థామస్ వార్డిల్ అద్దకం కార్ఖానాకు వెళ్లాడు. వార్డిల్ మన టస్సర్ పట్టు మీద, మన దేశపు రంగుల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన మనిషి. అక్కడ ఇద్దరూ పాత అద్దకం పుస్తకాలు ముందు పెట్టుకుని ఎరుపునిచ్చే మాడర్ వేరు, పసుపునిచ్చే వెల్డ్ మొక్క, నీలిమందు మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. మాడర్, వెల్డ్ దారికి వచ్చాయి. నీలి మొండికేసింది. ముంచి అద్దడం వరకు చేతనైంది. నీలం మీద అచ్చుతో తెలుపు, దాని మీద ఎరుపు, పసుపు వచ్చేలా చేయడమే సరిగా కుదరలేదు. 1881లో లండన్‌కు దక్షిణాన వాండిల్ నది ఒడ్డున మెర్టన్ ఆబీలో సుమారు 7 ఎకరాల పాత కార్ఖానా తీసుకుని, తొట్లు సొంతంగా కట్టించుకున్నాకే అది కుదిరింది. ‘స్ట్రాబెరీ థీఫ్’ 1883 నాటిది. నీలి డిశ్చార్జ్ బట్ట, అంటే ముంచిన నీలాన్ని అచ్చుతో తీసేసిన బట్ట, మీద ఎరుపు, పసుపు కలిపి సాధించిన మొదటి డిజైన్ అదే.

పని వరుస ఇదీ. బట్ట మొత్తాన్ని ముదురు నీలంలో ముంచుతారు. తర్వాత అచ్చుదిమ్మలతో రంగు తీసే ముద్ద పెడతారు. గాఢమైన ముద్ద పెట్టినచోట తెలుపు వస్తుంది, పలచటిది పెట్టినచోట లేత నీలం మిగులుతుంది. కడిగి ఆరబెట్టాక, ఎరుపు రావాల్సిన చోట రంగును పట్టించే పటిక జాతి లవణాన్ని అచ్చువేసి మాడర్ తొట్టిలో వేస్తారు. మళ్లీ కడిగి, పసుపుకు మళ్లీ లవణం పెట్టి, వెల్డ్ తొట్టికి పంపుతారు. పసుపు తెల్లటిచోట పడితే పసుపు, లేత నీలం మీద పడితే ఆకుపచ్చ. మెర్టన్‌లో నదిపక్క గడ్డి మీద బట్టలు పరిచి ఎండకూ మంచుకూ చలువ చేసేవారు. ఒక్కో బట్ట పూర్తి కావడానికి రోజులు పట్టేది.

ఇక మీ టీచర్ మాట. అచ్చుతో నీలాన్ని తీసేయడం మధ్యయుగపు విద్య కాదు. 19వ శతాబ్దం మొదటి సగంలో బట్టల అచ్చు మిల్లుల్లో రసాయన శాస్త్రం పుణ్యమా అని స్థిరపడ్డ పద్ధతి. ఆ కాలపు మామూలు వంటకం ఇలా ఉండేది: పొటాషియం బైక్రోమేట్‌ను జిగురులో కలిపి అచ్చువేయడం, ఆరాక సల్ఫ్యూరిక్, ఆక్సాలిక్ ఆసిడ్లు కలిపిన వేడి నీళ్లలోంచి కొద్ది క్షణాలు లాగడం. అచ్చుపడ్డ చోట క్రోమిక్ ఆసిడ్ పుట్టి, నీలిమందును ఆక్సీకరించి, నీళ్లలో కరిగే ఐసటిన్‌గా మార్చేస్తుంది. అంటే మోరిస్ ఫ్యాక్టరీ రంగును ద్వేషించాడు గాని, ఆ రంగుకు విరుగుడుగా తెచ్చుకున్న పద్ధతి అంతకు ముందు తరం ఫ్యాక్టరీదే. దాన్ని అతను నిదానంగా, చేతి అచ్చుతో, నిలిచే రంగులతో వాడాడు. తేడా అంతా ఆ నిదానంలో ఉంది.

ఇదే సమస్యకు మన మచిలీపట్నం వాళ్లు వేరే దారిలో వెళ్లారు. 17, 18 శతాబ్దాల్లో యూరప్‌కు వెళ్లిన కోరమాండల్ చీట్లలో, అంటే రంగుల పువ్వుల నూలు బట్టల్లో, ఎరుపు ముందు, నీలం తర్వాత. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద ఇనుప ద్రావణమైన కసింకారంతో నలుపు, పటికతో ఎరుపు గీసి, ఎర్ర రంగునిచ్చే చిరువేరుతో ఉడకబెట్టేవారు. ఆపైన నీలం అక్కర్లేని చోటంతా మైనం పూసి నీలి తొట్టిలో ముంచేవారు. నీలాన్ని తీసేయడం కాదు, మొదటే రానీయకపోవడం. మైనం పద్ధతిలో బట్ట బలం చెక్కుచెదరదు. కాని గజాల కొద్దీ బట్ట మీద మైనం చేత్తో పూయాలి. ముందంతా ముంచి, తర్వాత అచ్చుతో తీసేయడమంటే అప్పటికే అచ్చు మిల్లుల ఆలోచన. మీ పరీక్షలో ఈ ఒక్క పోలిక చక్కగా రాయగలిగితే నాలుగు పేజీల నిర్వచనాలు అక్కర్లేదు.

ఇప్పుడు మీ నమూనా. మీరు రాసినదాన్ని బట్టి: కోరా బట్టను సబ్బుతో ఉతికి నీలి ముంచారు. 100 మి.లీ. నీళ్లకు 10 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్ కలిపి, మైదా గంజితో చిక్కబరిచి, అచ్చువేసి, రాత్రంతా వదిలేశారు. నిమ్మరసంతో కడిగారు. మంజిష్ఠ పొడిలో తెర్లించారు. ఆ తర్వాత సోడా వేసి ఉతికారు. నాలుగుచోట్ల తప్పింది.

బైక్రోమేట్ వెతక్కుండా పర్మాంగనేట్ పట్టుకోవడం మాత్రం సరైన నిర్ణయమే. క్రోమియం 6 క్యాన్సర్ తెచ్చేది. వంటింట్లో గాని, కాలేజీ గదిలో గాని దానికి చోటు లేదు.

మొదటి తప్పు కోరా బట్ట. అందులో నూలు మైనం, నేతగాడు పెట్టిన గంజి ఉంటాయి. సబ్బుకు అవి పోవు. బట్ట బరువులో 2 శాతం చాకలి సోడా, కొద్దిగా సబ్బు వేసి గంటసేపు ఉడకబెట్టాలి. నీళ్లు టీ రంగుకు తిరిగితే పని జరుగుతున్నట్టు. నీటిచుక్క వేయగానే బట్ట పీల్చుకుంటే పని అయినట్టు. పీల్చుకోని చోట నీలి పైపైన కూర్చుంటుంది, ముద్ద కూడా మచ్చలు మచ్చలుగా పనిచేస్తుంది.

నీలి తొట్టికి 1-2-3 కొలత తేలిక: 1 భాగం నీలిమందు పొడి, 2 భాగాలు తడిపిన సున్నం, 3 భాగాలు ఫ్రక్టోజ్. 5 లీటర్ల తొట్టికి 10, 20, 30 గ్రాములతో మొదలుపెట్టండి, ముదురు నీలం కావాలంటే మూడూ రెట్టింపు చేయండి. నీళ్లు 50 డిగ్రీల దగ్గర ఉండాలి. పైన రాగి ఛాయ తెట్టు, అడుగున స్వచ్ఛమైన తేనె రంగు నీళ్లు కనిపిస్తే తొట్టి సిద్ధం. అన్నభేది, సున్నంతో చేసే పాత తొట్టి కూడా ఉంది గాని, మీరు తర్వాత ఎరుపు వేయబోతున్నారు కాబట్టి అది వద్దు. బట్టలో ఇనుము మిగిలితే మాడర్ ఎరుపు ఊదాకు, నలుపుకు తిరుగుతుంది. ఒకేసారి అరగంట ముంచకండి. మొదటిసారి 10 నిమిషాలు, తర్వాత 3 నుంచి 5 నిమిషాలు, మధ్యలో 15 నిమిషాలు గాలికి ఆరబెడుతూ ఐదారు ముంపులు వేయండి. ఎక్కువసేపు ఉంచితే అప్పటికే పట్టిన నీలం మళ్లీ తొట్టిలోకే కరిగిపోతుంది. ఆఖరున లీటరుకు 5 మి.లీ. వెనిగర్ వేసిన నీళ్లలో జాడించి సున్నం పోగొట్టాలి. తర్వాత సబ్బు నీళ్లలో బాగా ఉతికి, రెండు రోజులు ఆరనివ్వాలి.

రెండో తప్పు, అసలు తప్పు, ముద్ద. 10 శాతం చాలా ఎక్కువ. పూర్తి తెలుపుకు 100 మి.లీ.కి 4, 5 గ్రాములు, లేత నీలానికి 1 గ్రాము సరిపోతుంది. మైదా గంజి అసలు పనికిరాదు. పర్మాంగనేట్‌కు నీలాన్ని తినాలని ఉంటుందా, పిండిని తినాలని ఉంటుందా? రెండింటినీ తింటుంది. అచ్చుపడేలోపే సగం శక్తి గంజి మీద ఖర్చవుతుంది, ముద్ద గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకని మీరు మందు పెంచి ఉంటారు. మట్టితో చిక్కబరచండి: చైనా క్లే లేదా బెంటోనైట్. పెరుగంత చిక్కదనం చాలు. కొద్దికొద్దిగా కలుపుకోండి, నిలవ ఉండదు. పర్మాంగనేట్ పొడిని చక్కెరకూ ఫ్రక్టోజ్‌కూ గ్లిజరిన్‌కూ దూరంగా పెట్టండి. కలిస్తే అంటుకునే ప్రమాదం ఉంది, గ్లిజరిన్‌తోనైతే దానంతటదే అంటుకుంటుంది. మీ బల్ల మీద ఫ్రక్టోజ్ డబ్బా ఎలాగూ ఉంటుంది కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ముద్ద పెట్టిన చోట ఊదా రంగు గోధుమరంగుకు తిరిగితే మందు పని అయిపోయినట్టు. 5 నుంచి 15 నిమిషాలు చాలు. మీరు రాత్రంతా ఉంచారు. నీలం అయిపోయాక మందు నూలు మీద పడింది. ఆక్సీకరించిన నూలు వెంటనే చిరగదు. క్షారంలో ఉడికినప్పుడు బయటపడుతుంది. అందుకే అప్పుడు బాగున్న బట్ట, ఆ తర్వాత సోడా వేసి ఉతికాక పువ్వుల అంచు వెంబడి చీలింది. నెలల తర్వాత పసుపుబారేది కూడా ఈ దెబ్బతిన్న నూలే. పాత మిల్లుల్లో బైక్రోమేట్ బట్టలకూ ఇదే జబ్బు. ఆసిడ్ తొట్టి కొంచెం వేడెక్కినా, బట్ట కొంచెం ఆగినా, కొన్నవాళ్ల ఇంట్లో మూడో ఉతుక్కు తెల్ల భాగాలు చిల్లులు పడేవి.

మూడో తప్పు నిమ్మరసం. గోధుమరంగు మరక మాంగనీస్ డయాక్సైడ్. నిమ్మరసానికి అది నెమ్మదిగా పైపైన వదులుతుంది, పోగు లోపల ఉండిపోతుంది. మాంగనీస్ కూడా ఇనుములాగా రంగును పట్టించే లోహమే, కాకపోతే అది పట్టించే ఛాయ గోధుమ. మీ ఎరుపు చాక్లెట్ కావడానికి ముఖ్య కారణం ఇదే, తెలుపు వారంలోనే పసుపుబారడానికీ ఇదే. లీటరు నీళ్లకు 20 గ్రాముల సోడియం మెటాబైసల్ఫైట్, ఒక చెంచా వెనిగర్ కలిపి అందులో ముంచండి. మరక కళ్ల ముందే పోతుంది. ఘాటైన వాయువు వస్తుంది. ఆరుబయట చేయండి, ఆస్తమా ఉన్నవాళ్లు దగ్గర ఉండొద్దు. 5 నిమిషాలయ్యాక తీసి, నాలుగైదు నీళ్లలో జాడించి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. అంచుల్లో పసుపు జీర కనిపించినా మళ్లీ ముంచండి.

నాలుగోది మంజిష్ఠను తెర్లించడం. మాడర్ జాతి వేర్లలో ఎర్ర పదార్థంతో పాటు గోధుమ, పసుపు పదార్థాలూ ఉంటాయి. వేడి 75, 80 డిగ్రీలు దాటితే అవి కూడా దిగుతాయి. పెడన కలంకారీలో తెర్లిస్తారు కదా అని అడుగుతారు. అక్కడ ఇప్పుడు చాలావరకు వాడేది ఫ్యాక్టరీ అలిజరిన్. అందులో ఆ గోధుమ పదార్థాలు లేవు, తెర్లినా ఎరుపు చెడదు. 1868లో జర్మనీలో గ్రేబ, లీబర్‌మన్ అలిజరిన్‌ను తయారుచేశారు, మరుసటేడే పేటెంట్లు వచ్చాయి, పదేళ్లు తిరిగేసరికి ఫ్రాన్సు మాడర్ పొలాలు పడకేశాయి. అన్నట్టు మ్యూజియం చీటీ మీద ‘అలిజరిన్ ఎరుపు’ అని కనిపిస్తే అది ఫ్యాక్టరీ సరుకనే అనుకోకండి. మాడర్ వేరులోని ఎరుపు పేరు కూడా అదే.

ఎరుపుకు సరైన వరుస చెబుతాను. 100 మి.లీ. నీళ్లకు 5 గ్రాముల అల్యూమినియం అసిటేట్, గోరుచిక్కుడు గింజల జిగురు గ్రామున్నర కలిపి అచ్చువేయండి. ఎక్కడ పెట్టారో కనబడటానికి చిటికెడు ఏదైనా పువ్వు రంగు కలుపుకోవచ్చు. రెండు మూడు రోజులు గాలి తగిలేలా వేలాడదీయండి. పులుపు వాసన పోయాకే అల్యూమినియం పోగుకు అంటుకుంటుంది. తర్వాత లీటరుకు 10 గ్రాముల చొప్పున సుద్ద, గోధుమ తవుడు వేసిన గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు కదుపుతూ కడగాలి. ఇది తప్పించుకుంటే వదులైన అల్యూమినియం తొట్టిలో తేలి తెల్లభాగాల మీద కూర్చుంటుంది, పువ్వుల చుట్టూ గులాబీ మసక వస్తుంది. పాతకాలం మిల్లుల్లో ఈ పనికి ఆవుపేడ వాడేవారు. మంజిష్ఠ బట్ట బరువులో సగం నుంచి సమానం దాకా వేయండి. చల్లని నీళ్లతో మొదలుపెట్టి గంటలో 70 డిగ్రీలకు తెచ్చి, అక్కడే ఇంకో గంట ఉంచండి. థర్మామీటర్ లేకుండా ఈ పని వద్దు. ఎరుపుకు కాల్షియం కావాలి. మీది బోరు నీళ్లయితే అది ఎలాగూ ఉంటుంది, వాన నీళ్లో ఆర్వో నీళ్లో అయితే చిటికెడు సుద్ద వేయండి. పాత్ర స్టీలుది. ఇనుప బాండీ వద్దు.

ఒక్క పువ్వుకు ఇన్ని పనులున్నప్పుడు ధర సంగతి చూడండి. 1883లో వచ్చిన మోరిస్ బట్ట ‘ఈవెన్‌లోడ్’కు 33 అచ్చుదిమ్మలు కావాలి. మరుసటేడు వచ్చిన ‘క్రే’కు 34. ప్రతి దిమ్మా మూలల్లో ఉన్న పిన్నుల గుర్తును ముందటి గుర్తు మీద సరిగ్గా ఆనించి, మొద్దుతో కొట్టాలి. 30వ దిమ్మ దగ్గర ఒక్క గుర్తు జరిగితే ముందటి 29 దిమ్మల పనీ వృథా. అదే ఇంగ్లండులో థామస్ బెల్ రాగి రోలర్ అచ్చుయంత్రానికి 1783లోనే పేటెంట్ తీసుకున్నాడు. మోరిస్ పుట్టింది 1834లో. కాబట్టి చేతి అచ్చు అతనికి తాతల నాటి మిగులు కాదు, తెలిసి ఎంచుకున్న దారి. ఆ దారిలో వచ్చిన బట్ట కూలివాడి ఇంటికి చేరలేదు. సరిగ్గా అదే 1883లో అతను సోషలిస్టు పార్టీలో చేరాడు. ఈ వైరుధ్యాన్ని అతని శత్రువులకంటే ముందు అతనే గుర్తించాడు. అయినా రంగును చవక చేయలేదు.

ధర సమస్య అతని తర్వాతి వాళ్లను ఇంకా గట్టిగా కొట్టింది. డిజైనర్ యాష్‌బీ 1888లో లండన్ తూర్పు వాడలో పెట్టిన చేతిపనివాళ్ల సంఘం గిల్డ్ ఆఫ్ హ్యాండీక్రాఫ్ట్ 1902లో పల్లెటూరికి, చిప్పింగ్ కాంప్‌డెన్‌కు, కుటుంబాలతో కలిపి సుమారు 150 మందితో తరలిపోయింది. ఐదారేళ్లలో కంపెనీ మూతపడింది. బజారు దూరమైంది, పని లేనప్పుడు లండన్‌లోలాగా వేరే కొలువు దొరకలేదు. అన్నిటికీ మించి లండన్‌లోని లిబర్టీ దుకాణం 1899 నుంచి ‘సిమ్రిక్’ పేరుతో అదే పోకడ వెండి సామాను బర్మింగ్‌హామ్‌లో అచ్చుల మీద కొట్టించి, చేతిపనిలా కనిపించేలా తీర్చి, తక్కువకు అమ్మింది. చేతిపని ఒక రూపంగా మారితే దాన్ని యంత్రం కూడా చేయగలదు. ఉద్యమం ఊహించని దెబ్బ ఇది.

జర్మన్లు ఈ పాఠాన్నే మరోలా చదువుకున్నారు. హెర్మన్ ముథేసియస్ అనే వాస్తుశిల్పి 1896 నుంచి 1903 దాకా లండన్‌లో జర్మన్ రాయబార కార్యాలయంలో ఉండి ఇంగ్లిష్ ఇళ్లను క్షుణ్ణంగా పరిశీలించాడు. 1907లో మ్యూనిక్‌లో కళాకారులనూ ఫ్యాక్టరీలనూ కలిపిన సంఘం డాయిచర్ వెర్క్‌బుండ్ పుట్టడంలో అతని పాత్ర పెద్దది. అదే ఏడు ఏఈజీ అనే విద్యుత్ కంపెనీ డిజైనర్ పీటర్ బెరెన్స్‌ను తన రూపకల్పన సలహాదారుగా పెట్టుకుంది. 1909లో అతను ఇచ్చిన ఎలక్ట్రిక్ కెటిల్‌ను ‘క్రే’ పక్కన పెట్టి చూడండి. మూడు ఆకారాలు, మూడు పరిమాణాలు, మూడు లోహాలు, మూడు రకాల పైమెరుగు. కలిపితే లెక్కకు 81 రకాలు, అమ్మకానికి పెట్టినవి 30 దాకా. 34 దిమ్మలతో మోరిస్ ఒక్క బట్ట చేస్తే, కొన్ని భాగాలు మార్చి మార్చి బెరెన్స్ 30 కెటిళ్లు చేశాడు. ఆ పైమెరుగుల్లో ఒకటి సుత్తి దెబ్బల గుర్తులది. ఫ్యాక్టరీ కెటిల్ మీద కంసాలి సుత్తి గుర్తులు! పిడికి చుట్టినది పేము.

వెర్క్‌బుండ్‌లో కూడా అందరిదీ ఒకే మాట కాదు. 1914లో కొలోన్‌లో ముథేసియస్ ప్రామాణిక రూపాలే దారి అన్నాడు. బెల్జియం డిజైనర్ వాన్ డె వెల్డె కళాకారుడి స్వేచ్ఛ పక్షాన నిలిచి గట్టిగా ఎదిరించాడు. ఈ తగవు 1919లో వైమార్‌లో మొదలైన డిజైన్ బడి బౌహౌస్‌లోకి కూడా నడిచొచ్చింది. అక్కడి 1924 నాటి గాజు గుండ్రటి దీపాన్ని పుస్తకాలు యంత్రయుగపు చిహ్నంగా వేస్తాయి. నిజానికి అప్పట్లో దాన్ని వర్క్‌షాపులో చేత్తోనే చేశారు, ధర ఎక్కువ. యంత్రం చేసినట్టు కనిపించే చేతిపని అన్నమాట, సిమ్రిక్ వెండికి సరిగ్గా తిరగేసిన రూపం. బౌహౌస్‌కు బాగా డబ్బు తెచ్చిన సరుకు 1930లో రాష్ కంపెనీతో కలిసి తెచ్చిన వాల్‌పేపర్లు. చిన్న చిన్న గీతలు, లేత రంగులు, అతుకు దగ్గర డిజైన్ కలపాల్సిన పనే లేదు. కాగితం వృథా పోదు, అతికించేవాడికి నేర్పు అక్కర్లేదు. మోరిస్ వాల్‌పేపర్ అతికించి చూసినవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

చివర్లో ఇంప్రెషనిస్టుల గురించి, అంటే ఆరుబయట వెలుతురును చిత్రించిన ఫ్రెంచి చిత్రకారుల గురించి కూడా అడిగారు. మీ పుస్తకం వాళ్లను ‘పరిశ్రమల నుంచి ప్రకృతిలోకి పారిపోయినవారు’ అంటోంది. వాళ్లు పొలాల్లోకి వెళ్లింది జాన్ రాండ్ 1841లో పేటెంట్ పొందిన తగరపు రంగు ట్యూబులు జేబులో వేసుకుని, చాలాసార్లు రైలెక్కి. మోనె 1877లో సాన్ లజార్ రైల్వే స్టేషన్‌ను 12 సార్లు చిత్రించాడు. అయితే మోరిస్ భయం ఒకచోట నిజమైంది. వాన్ గో వాడిన ఎర్ర రంగుల్లో ఇయోసిన్‌తో చేసినది ఒకటి. 1870లలో తారు నుంచే వచ్చిన రంగు అది, వెలుతురుకు ఆగదు. 1888లో ఆర్ల్‌లో వేసిన పడకగది బొమ్మలో గోడలు లేత ఊదా అని అతనే ఉత్తరంలో రాశాడు. ఎరుపు వెలిసిపోయి ఇప్పుడు అవి నీలంగా కనిపిస్తున్నాయి.

కాబట్టి పరీక్షలో ‘యంత్రాన్ని వ్యతిరేకించారా, సమర్థించారా’ అని రెండు వరుసల పట్టిక గీయకండి. మూడు వస్తువులు తీసుకోండి: ‘స్ట్రాబెరీ థీఫ్’, బెరెన్స్ కెటిల్, బౌహౌస్ దీపం. ఒక్కోదానికి ఏ పని చేత్తో జరిగింది, ఏది యంత్రంతో జరిగింది, ఎవరు కొన్నారు అన్న మూడు సంగతులు రాయండి. మీ నమూనా కూడా జతచేయదలిస్తే, చెడిన ముక్కనే జతచేయండి. పక్కన మందు ఎంత, ఎన్ని నిమిషాలు, ఎన్ని డిగ్రీలు అన్నది చీటీ మీద రాసి అతికించండి. కొత్త ముక్క మొదలుపెట్టేముందు 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు ఐదు కోసుకుని, 1 శాతం నుంచి 5 శాతం దాకా ముద్ద పెట్టి, ఒక్కోదాన్ని సోడా నీళ్లలో ఉడకబెట్టి, రెండు చేతులతో లాగి చూడండి. చిరగకుండా తెల్లబడ్డ వాటిలో తక్కువ శాతం ఏదో అదే మీ బట్టకు కొలత.